ఇంకొక్క చాప్టర్ అమ్మా!

ప్రతి కుటుంబానికీ ఒక పీహెచ్‌డీ గైడు ఉండాలి. రేషన్ కార్డుతో పాటు ప్రభుత్వమే కేటాయించాలి!

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను. ఈ మధ్య ఎక్కడ చూసినా రీసెర్చ్ పిల్లలు గైడును తిట్టుకోవడమే. సతాయిస్తున్నాడట. రాసిందే మళ్లీ రాయిస్తున్నాడట. సంతకం పెట్టడట. అందుకని డాక్టరేట్ మధ్యలో వదిలేసి వెళ్లిపోతారట! ఇంత మేలు చేస్తున్న మనిషిని వదిలి వెళ్లాలని ఎలా అనిపిస్తుందండీ?

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుంది. ఏళ్ల తరబడి థ్రిల్లర్ సీరియళ్లు రాస్తున్నవాణ్ణి. ప్రతి గురువారం ఒక మనిషిని తాడు కట్టి బావిలోకి వేలాడదీసి, వచ్చే గురువారం దాకా అక్కడే ఉంచడం నా వృత్తి. అయినా వారం మించి వేలాడదీయడం నా వల్ల కాలేదు. రెండో వారం కల్లా పాఠకులు ఫోన్ చేస్తారు. "ఏందన్నా, పైకి గుంజుతవా, మమ్మల్నే రమ్మంటవా?" అని.

మరి ప్రొఫెసర్ చంద్రమౌళి గారు? ఒక ఆడపిల్లను ఏళ్లకేళ్లు, అదే బావిలో, అదే తాడు మీద, ఒకే ఒక్క వాక్యంతో వేలాడదీశారు. ఆ వాక్యం ఇది: "ఇంకొక్క చాప్టర్ అమ్మా!"

సస్పెన్స్ అంటే అదీ!

ఆయన ఏ యూనివర్సిటీలో పనిచేస్తారో చెప్పను. అడ్రసులు తొందరపడి చెప్పే అలవాటు మా వృత్తిలో లేదు.

ఆ ఆడపిల్ల పేరు రాధిక. కోరుట్లలో మా పక్కింటి సత్తయ్య కూతురు. సత్తయ్యది కథలాపూర్ దగ్గర పల్లె. ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసినవాడు. తాడంటే మా వైపు తాటిచెట్టు. మోకాళ్లు ఇక వద్దన్నాక కోరుట్లకు వచ్చి ఇన్వర్టర్ బ్యాటరీల షాపు పెట్టుకున్నాడు. రాధిక నన్ను పెద్దబాపూ అని, అంటే పెదనాన్నా అని, పిలుస్తుంది. నా చేతిరాతను ప్రపంచంలో చదవగలిగిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి, నా సీరియల్‌ను టైప్ చేసి వారపత్రికకు పంపేది కూడా ఆమే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. కత్తి ఎక్కడుందో ముందే చూపించాలన్నది మా నియమం.

రాధిక పరిశోధన సిరిసిల్ల సాంచాల మీద. సాంచా అంటే పవర్‌లూమ్. ఒక షెడ్డులో అవన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. చాయ్‌కి పోదామా? బొటనవేలు పెదాలకు. సేటు వస్తున్నాడు, ఫోన్ దాచు? అరచేత్తో పొట్ట మీద ఒక గుండ్రం. రెండు పిడికిళ్లు దగ్గరికి తెచ్చి, ఫట్‌మని విడదీసి, అరచెయ్యి కిందికి దించితే: పోగు తెగింది, సాంచా ఆపు! ఆ సైగ చూసి కూడా ఆపకపోతే బట్ట పొడవునా చార పడుతుంది. ఇక ఆ బట్టను ఎవరూ కొనరు.

ఎవరూ రాసిపెట్టని ఈ భాషను తాను రాసిపెట్టాలని ఆ పిల్ల పూనుకుంది. ముచ్చటగా రాసింది కూడా. తీసుకెళ్లి సారు ముందు పెట్టింది.

"అన్నీ బాగనే ఉన్నయి గని, ఆడియో ఏదమ్మా?" అన్నారు సారు.

"సైగలు గద సార్. సైగలకు ఆడియో ఉండది సార్."

"ఆడియో లేంది గది ఇంటర్వ్యూ ఎట్లయితది? రేపు ఎవలన్న అడిగితే నేనేం జవాబు చెప్పాలె?"

చూశారా పట్టుదల! సైగలను టేపు చేసి తెమ్మని అడిగే గుండె ధైర్యం మీకుందా? నాకు లేదు.

రాధిక రికార్డర్ పట్టుకుని సిరిసిల్ల వెళ్లింది. గంటలకొద్దీ రికార్డు చేసి తెచ్చింది. వింటే ఒకటే మాట: టకటకటకటక. నియమం ప్రకారం ఆ మొత్తాన్నీ అక్షరాల్లో పెట్టి అనుబంధంగా జత చేసింది. సారు ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి తిప్పి పంపారు. కొన్ని పేజీల్లో 'టకటక' అనీ, కొన్ని పేజీల్లో 'టక్‌టక్' అనీ ఉందట. ఏకరూపత లేదట. కింద ఇంకో ముక్క: "చప్పుడు చాలా ఉన్నది. సాంచాలు బంద్ పెట్టించి రికార్డు చెయ్యి."

మళ్లీ సిరిసిల్ల. షెడ్డులో నూలు కండెలు చుట్టే నర్సక్క అనే ఆవిడ సిఫారసు చేస్తే, షెడ్డు నడిపే ఆసామి దయతలిచి సాంచాలన్నీ ఆపించాడు. గోడ మీది బల్లి శబ్దం కూడా వినపడేంత నిశ్శబ్దం! రాధిక రికార్డర్ ఆన్ చేసి, "ఇగ మాట్లాడుకోండ్రి" అంది. అందరూ చేతులు కట్టుకుని హాయిగా నోటితో మాట్లాడుకోసాగారు.

"అక్కా, చేతులతోని! ఎప్పటి లెక్క!" అని బతిమాలింది రాధిక.

"సప్పుడే లేకపాయె. నోరుండంగ చేతులెందుకు బిడ్డా?" అంది నర్సక్క. "ఎవలన్న సూత్తె నవ్వరా?"

ఆ టేపు విన్న ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి కాస్త ముందుకు వంగారు. "ఇండ్ల అందరు నోటితోనే మాట్లాడుతున్నరు గదమ్మా. అంటే సైగలు లేవన్నట్టే. నీ హైపోథిసిస్ తప్పు. టైటిల్ మార్చు."

నా సీరియళ్లలో ఇన్‌స్పెక్టర్లకు ఇంత తెలివి పెట్టి ఉంటే ఏ నేరమూ జరిగి ఉండేది కాదు. శవం లేచి వాంగ్మూలం ఇవ్వలేదు కాబట్టి హత్య జరగలేదని తేల్చేసి ఇంటికెళ్లేవారు!

ఇలాంటి మహానుభావుడి దగ్గర ఉన్నవాళ్లు ఎంత సుఖపడ్డారో చూడాలంటే రాజేందర్‌ను చూడండి. బీర్పూర్ మనిషి. సారు దగ్గర ఎప్పుడు చేరాడో ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. చేరినప్పుడు జుట్టు ఉండేదని పాత ఫొటోల వల్ల తెలుస్తోంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఆయన్నే ప్రొఫెసర్ అనుకుని నమస్తే పెడతారు. ఉద్యోగం లేకుండానే ఇంత గౌరవం! ఇంకా గొప్ప సంగతి, ఆయన కూతురు పీజీ పూర్తి చేసి అదే గైడు దగ్గర చేరడానికి ఫారమ్ తెచ్చుకుంది. "బాపూ, నువ్వు నాకు సీనియర్‌వు గద. నోట్స్ ఇత్తవా?" అని అడిగిందట. తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని చాప్టర్లు దిద్దుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

ఇంత చక్కగా నడుస్తున్న కథలో ఒక విలన్ ప్రవేశించాడు. ఉద్యోగం!

సారంగాపూర్ వైపు ఒక ప్రభుత్వ బడిలో రాధికకు టీచర్‌గా పోస్టింగ్ వచ్చింది. నెలాఖరులోగా చేరాలి. చేరకపోతే ఆ పోస్టు వేరేవాళ్లకు పోతుంది. పరిశోధనను పార్ట్‌టైమ్‌కు మార్చుకోవచ్చు గానీ, దానికి గైడు సంతకం కావాలి. సంతకం లేకుండా ఉద్యోగంలో చేరితే ఇన్నేళ్ల పీహెచ్‌డీ పోయినట్టే.

"సార్, ఒక్క సంతకం పెట్టుండ్రి సార్. నౌకరి చేసుకుంటనే రాస్త," అని వెళ్లి అడిగింది.

"నౌకరిదేమున్నదమ్మా, ఎప్పుడన్న వస్తది. ఇంకొక్క చాప్టర్ అయితే నువ్వు డాక్టర్ రాధికవు! గప్పుడు చూద్దాం."

సత్తయ్య ఇల్లు రెండు పార్టీలుగా చీలిపోయింది. తల్లి సుశీల చదువు వైపు. కూతురు డాక్టర్ కాబోతోందని కథలాపూర్ చుట్టాలందరికీ ఎప్పుడో చెప్పేసింది. వాళ్లు పెళ్లిళ్లలో రాధిక కనపడగానే మోకాళ్లు చూపించడం మొదలుపెట్టారు కూడా. సత్తయ్య ఉద్యోగం వైపు.

"కల్లు లొట్టి నిండినంక దించుకోవాలె," అన్నాడు సత్తయ్య. "ఇంక నిండుతది, ఇంక నిండుతది అని తాడు మీదనే కూసుంటే ఎట్ల? ఎండెక్కితే కల్లు పుల్లగైతది. కూసున్నోడు ఎండుకపోతడు."

"నీకు లొట్టి తప్ప ఇంకేమన్న ఎరుకేనా?" అంది సుశీల. "ఇన్నేండ్లు సదివి, ఇప్పుడు సగంల దిగుమంటవా బిడ్డను?"

"సగమే అని ఎవలు జెప్పిండ్రు? ఆ సారా? ఆయన కింద నిలవడి ఎక్కు ఎక్కు అంటడు. ఎక్కేటోనికి గద తెల్సేది!"

సత్తయ్యకు పరిశోధనా దృష్టి లేదని అప్పుడే గ్రహించాను. సుశీల నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వన్న జెప్పు. నీ మాట ఇంటది."

చెప్పాను. మేడ మీది గదిలో నా సీరియల్ టైప్ చేస్తున్న రాధిక ఎదురుగా కూర్చుని, పట్టుదల గురించి, గురుభక్తి గురించి, సస్పెన్స్ గురించి ధారాళంగా చెప్పాను. ఆమె టైపింగ్ ఆపలేదు. నేను ఆగాక అంది:

"ఉండుమంటే ఉంట పెద్దబాపూ. ఇంక ఎన్నేండ్లన్న ఉంట. గని ఒక్కటే నాకు తెల్వాలె. సారు నేను రాసింది ఒక్క పేజీ అన్న చదివిండా? చదివి, బాగలేదన్నా సరే. మొత్తం మళ్ల రాస్త. చదివిండా లేదా?"

"చదవకుండానే అన్ని తప్పులు పడతాడా?" అన్నాను. ఎంత అమాయకపు ప్రశ్నో చూడండి. నాది!

జవాబు మూడు రోజుల్లో దొరికింది. ఎలాగంటారా?

రాధిక అప్పుడు థీసిస్‌లో ఐదో చాప్టర్ ముగించింది. నా సీరియల్ కూడా సరిగ్గా ఐదో భాగంలో ఉంది. రెండు ఫైళ్లకూ ఆమె పెట్టిన పేరు ఒక్కటే: 'ఐదు ఫైనల్'. ఒకటి సారుకు వెళ్లాలి, ఒకటి వారపత్రికకు. రెండూ వెళ్లాయి. అటుది ఇటు, ఇటుది అటు!

మర్నాడు పొద్దున ఆ పిల్ల పరుగున వచ్చింది. "పెద్దబాపూ! సారుకు నీ శవం పోయింది!"

నా ఐదో భాగంలో ఏముందో మీకు తెలియదు కదూ? జగిత్యాల మామిడి మార్కెట్. కోల్డ్ స్టోరేజీలో ఇన్‌స్పెక్టర్ ఒక పళ్ల పెట్టె తెరుస్తాడు. బంగినపల్లి పళ్ల మధ్య ఒక తెగిన చెయ్యి. వేలికి జడ్జి గారి ఉంగరం. ఇన్‌స్పెక్టర్ వెనక తలుపు దానంతటదే మూసుకుంటుంది. అంతే, వచ్చే వారం!

"సారుకు ఫోన్ చేసి, తప్పుడు ఫైల్ అని చెప్పమ్మా," అన్నాను.

"జెప్పుటానికి ఫోన్ తీసేసరికే ఆయన కామెంట్లు అచ్చినయి," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇలా ఉంది:

"గుడ్ ప్రోగ్రెస్. మార్జిన్ తక్కువ. రెఫరెన్సులు లేవు. ముగింపు స్పష్టంగా లేదు."

పాఠకులారా, నా ఒళ్లు జలదరించింది! నా వెనక ఇన్నేళ్ల అనుభవం ఉంది. నా సీరియల్ ఏ భాగానికీ ముగింపు స్పష్టంగా ఉండదని ఇంతవరకు ఏ ఎడిటరూ కనిపెట్టలేదు. ఆయన చాయ్ చల్లారేలోపు కనిపెట్టేశారు. తెగిన చెయ్యి ఆయన కంట పడలేదంటారా? మార్జిన్లు చూసే కంటికి చేతులూ కాళ్లూ కనపడాలా?

రాధిక ఫోన్ వెనక్కి తీసుకుని పాత మెయిళ్లు ఒక్కొక్కటే తెరిచింది. "ఇంతకుముందు పంపినయన్ని కూడ గిట్లనే," అంది చివరికి. "నాలుగు చాప్టర్లకు గివే కామెంట్లు. నేను మార్జిన్లు పెంచుకుంటనే ఉన్న."

ఇక అటు వైపు సంగతి. ఈ కంగారులో పత్రికకు ఏం వెళ్లిందో ఇద్దరమూ మరిచేపోయాం. గురువారం వారపత్రిక వచ్చింది. నా పేరు కింద, తెగిన చెయ్యి ఉండాల్సిన చోట, సిరిసిల్ల సాంచాల షెడ్డులో చేతుల భాష! నేను తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. పాఠకులు ఇంటి మీదికి వస్తారని భయం. ఎడిటర్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఈ వారం దుమ్ము లేపినవు! గీ సైగల ట్విస్టు ఎక్కడ పట్టినవే? ఫోన్లు ఆగుత లేవు."

నిజమే. ఒకాయన, నర్సక్క పొట్ట మీద గుండ్రం తిప్పిందంటే సేటు వస్తున్నట్టు ఆమెకు ముందే తెలుసు కాబట్టి హంతకుడు సేటేనని తేల్చాడు. ఇంకొకాయన నర్సక్కను మాత్రం అరెస్టు చేయొద్దని బతిమాలాడు. సిరిసిల్ల నుంచి వసంత అనే పాఠకురాలు ఫోన్ చేసి ఇలా అంది: "సార్, మా ఆయన సాంచాలు నడిపి నడిపి ఇంట్ల కూడ చేతులతోనే మాట్లాడుతడు. ఇన్నేండ్లకు మీ పుణ్యాన ఆయన ఏమంటున్నడో అర్థమైంది. అర్థం గాకున్నప్పుడే నయముండె!"

వాళ్లంతా ప్రతి అక్షరం చదివారు. సైగలు కంఠతా పట్టారు. నా శవం ఏమైందని ఒక్కడూ అడగలేదు. ఆ బాధ వేరే!

మర్నాడే రాధిక ప్రోగ్రెస్ సెమినార్. సుశీలకు మాటిచ్చాను కాబట్టి నేనూ వెంట వెళ్లాను. జగిత్యాల బస్టాండులో బస్సు మారేటప్పుడు ఆఖరి ప్రయత్నంగా, "ఇంకొక్క చాప్టరే కదమ్మా," అన్నాను. ఆమె బ్యాగులోంచి వారపత్రిక తీసి, తన చాప్టర్ అచ్చయిన పేజీలను మరోసారి చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకుంది.

హాల్లో ముందు వరసలో ప్రొఫెసర్ గారు. వెనక వరసలో ప్రొజెక్టర్ పక్కన మన రాజేందర్, ఒళ్లో అదే వారపత్రిక. సీరియల్ పాఠకుడని చూడగానే పోల్చుకున్నాను. ఆయన పక్కన కూర్చున్నాను.

రాధిక ఇంకా మొదటి మాట అనకముందే సారు అందుకున్నారు. "ఐదో చాప్టర్ మంచిగ వచ్చిందమ్మా. ముగింపు ఒక్కటే జెర చూసుకోవాలె."

"థాంక్యూ సార్. ఐదో చాప్టర్ల మీకు ఏది నచ్చింది సార్?"

హాలు నిశ్శబ్దమైంది. సాంచాలన్నీ ఒకేసారి ఆపినప్పటి నిశ్శబ్దం అది.

"ఓవరాల్!" అన్నారు ప్రొఫెసర్ గారు.

ఎంత గొప్ప మాటండీ! అందులో నా శవం ఉంది, మామిడిపళ్లు ఉన్నాయి, జడ్జి గారి ఉంగరం ఉంది. సృష్టిలో సమస్తం ఉంది!

"ఒక్కటే లోటు," అని కొనసాగించారు. "ఆరో చాప్టర్ గూడ ఉంటే పరిపూర్ణంగుంటది. నౌకరి గురించి తర్వాత ఆలోచిద్దాం. ఇంకొక్క చాప్టర్ అమ్మా!"

రాధిక ఆయన వైపు చూసింది. చేతిలోని పాయింటర్ బల్ల మీద పెట్టింది. రెండు పిడికిళ్లూ దగ్గరికి తెచ్చింది. ఫట్‌మని విడదీసింది. అరచెయ్యి మెల్లగా కిందికి దించింది.

నా పక్కన రాజేందర్ తటాలున లేచి ప్రొజెక్టర్ ఆపేశాడు!

తెర నల్లబడింది. "ఏమైందయ్యా, కరెంట్ పోయిందా?" అన్నారు సారు వెనక్కి తిరిగి.

"లేదు సార్," అన్నాడు రాజేందర్. "పోగు తెగింది."

సారుకు ఏమీ అర్థం కాలేదు. థీసిస్ మొదటి చాప్టర్ మొదటి పేజీలో ఉన్న సైగ అది. ఆయన రాధిక వైపు తిరిగి, ఎంతో వాత్సల్యంతో అన్నారు: "ప్రజెంటేషన్ల చేతులు గంతగనం ఊపొద్దమ్మా. మైనస్ అయితది. రాస్కో."

ఆమె రాసుకోలేదు. నమస్కారం పెట్టి బయటికి నడిచింది.

ఆ సాయంత్రమే పీహెచ్‌డీ వదిలేస్తున్నానని సారుకు మెయిల్ పెట్టింది. వెంటనే జవాబు వచ్చింది: "గుడ్ ప్రోగ్రెస్. మార్జిన్ తక్కువ. రెఫరెన్సులు లేవు. ముగింపు స్పష్టంగా లేదు."

డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఆమె పేరు ఇప్పటికీ ఉందట. రాజేందర్ కూతురు మాత్రం ఫారమ్ నింపలేదట. కథలాపూర్ చుట్టాలు మోకాళ్లు చూపించడం మానేశారని సుశీల కొన్నాళ్లు దిగులుపడింది. ఇప్పుడు వాళ్లు పిల్లల మార్కులు చూపిస్తున్నారు, కాబట్టి కుదుటపడింది.

ఇంత జరిగినా నా అభిప్రాయం మారలేదు! డాక్టరేట్ మధ్యలో వదిలేయకూడదు. వదిలేస్తే ఏమవుతుందో నా కళ్లతో చూశాను.

మొన్న సీరియల్ కాగితాలు పట్టుకుని సారంగాపూర్ వెళ్లాను. బడి వదిలాక రాధిక వరండాలో కూర్చుని పిల్లల వ్యాసాలు దిద్దుతోంది. ఎంతకీ కదలదే! ఒక్కొక్క పిల్లవాడి రాతనూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతోంది. మధ్యలో ఒకచోట ఆగి నవ్వుకుంది. ఒకచోట వెనక్కి తిప్పి మళ్లీ చదివింది. కింద ఏదో రాసింది. మార్జిన్ సంగతి మాత్రం పట్టించుకోలేదు.

"గిట్ల అన్నీ చదువుకుంట కూసుంటే ఎప్పుడైతది బిడ్డా?" అన్నాను విసుగ్గా.

ఆమె తలెత్తి వింతగా చూసింది. "చదవకుంట ఎట్ల దిద్దుత పెద్దబాపూ?"

విన్నారుగా? అన్నేళ్లు అంతటి గైడు దగ్గర ఉండి కూడా అసలు విద్య పట్టుబడలేదు. ఇంకొక్క చాప్టర్ ఓపిక పట్టి ఉంటే, అదీ నేర్చుకునేది!